కొత్త టీమ్‌లు రాని ఏడాది

మా కోచ్ సార్ పోయిన బుధవారం పొద్దున చనిపోయారు. నారాయణగూడలోని బాస్కెట్‌బాల్ కోర్టులో అమ్మాయిలను ఆడిస్తుండగా ఛాతీలో నొప్పి వచ్చిందట. బెంచీ మీద కూర్చుని, "మీరు ఆపకుండ్రి, ఇంకా రెండు రౌండ్లున్నయి" అన్నారట. ఆ రెండు రౌండ్లూ అయ్యేసరికి ఆయన పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటోలోనే ప్రాణం పోయింది.

నేను ముషీరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. ప్రేయర్ అయిన కాసేపటికి నా పాత రూమ్మేట్ ఫోన్ చేసి, "సార్ ఇగ లేడే" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని ఆరో తరగతి పిల్లలతో డ్రిల్ చేయించాను. సార్‌తో నేను మాట్లాడి రెండున్నరేళ్ళయింది. మాట్లాడటం మానేసింది నేనే. ఆయన గురించి మంచిమాటలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు, అందరికీ ఆయన అంత చేశారు. నేను మాత్రం ఆ రెండున్నరేళ్ళ సంగతి దాటేసి రాయలేను.

మాది జనగామ వైపు పల్లె. డిగ్రీ అయ్యాక ఎస్సై పోస్టు కోసం కోచింగ్ తీసుకోవడానికి హైదరాబాద్‌లోని అశోక్ నగర్ వచ్చి హాస్టల్లో చేరాను. నా ఎత్తు అయిదడుగుల పదకొండు అంగుళాలు. ఊళ్ళో పెళ్ళిళ్ళలో గోడకు ఆనుకుని, కొంచెం వంగి నిలబడటం చిన్నప్పుడే అలవాటైంది. ఒకరోజు హాస్టల్ ముందు టీ కొట్టు దగ్గర అలాగే వంగి నిలబడి ఉంటే, తెల్లజుట్టు పెద్దాయన ఒకరు చేతిలో కప్పుతో నా దగ్గరికి వచ్చారు.

"ఎందుకు గట్ల ఒంగినవ్ బిడ్డా? నడుం నొస్తున్నదా?"

"లేదు సార్."

"మరి సక్కగ నిలబడు. ఎత్తు దాచిపెట్టే వస్తువు కాదు."

మర్నాటి నుంచి నన్ను కోర్టుకు రమ్మన్నారు. సార్ ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇల్లు చిక్కడపల్లిలో. కుడి మోకాలు అరిగిపోయి కొద్దిగా కుంటుతూ నడిచేవారు. అయినా రోజూ అందరికంటే ముందు కోర్టులో ఉండేది ఆయనే. వాన పడిన మర్నాడు మేం వెళ్ళేసరికి చీపురు పట్టి నీళ్ళు ఊడుస్తూ కనిపించేవారు. చీపురు అడిగితే ఇచ్చేవారు కాదు. "మీరు ఆడనీకె వచ్చిండ్రు, ఊడ్వనీకె కాదు" అనేవారు. మెడలో విజిల్ ఉండేది, దాన్ని ఊదగా నేను ఎన్నడూ వినలేదు. రెండు చప్పట్లు కొట్టేవారు, అంతే.

ఇరవై రెండేళ్ళ వయసులో మొదటిసారి బంతి పట్టుకున్నదాన్ని. నవ్వేవాళ్ళు నవ్వారు. సార్ నవ్వలేదు. నా చేతిలో బంతి ఉన్నంతసేపూ ఆయన నా వంక చూసేవారే కాదు. ఒకరోజు ఉక్రోషంతో అడిగేశాను. "బంతి నీ చేతిల ఉంటే లోకమంత నిన్నే చూస్తది. లేనప్పుడు నువ్వేం చేస్తున్నవో నేను చూస్త" అన్నారు. ఆ మాట అర్థమయ్యాకే నాకు ఆట వచ్చింది. ఏడాదిన్నరలో జిల్లా జట్టులో ఆడాను. పుస్తకాలు, పరుగు, ఆట, మూడూ సాగుతుండగానే ఎస్సై ప్రిలిమ్స్ కూడా పాసయ్యాను. తర్వాతవి ఈవెంట్స్: పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. అవి గట్టెక్కితే ఇక చివరి రాతపరీక్ష.

సరిగ్గా అప్పుడే ఆ ప్రకటన వచ్చింది. దేశంలో అమ్మాయిలకు ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఒకటి అప్పటికే నడుస్తోంది. అందులో మరో రెండు జట్లను చేర్చుకుంటున్నారనీ, వాటిలో ఒకటి హైదరాబాద్‌దనీ చెప్పారు. కొత్త జట్టు యజమానుల మనుషులు సార్‌ను వెతుక్కుంటూ కోర్టుకు వచ్చారు. సెలక్షన్స్ ఇక్కడే పెడతామన్నారు, ఆయన్ను అసిస్టెంట్ కోచ్‌గా ఉండమన్నారు. ఆ సాయంత్రం సార్ తెల్ల పెయింటు డబ్బా తెచ్చి, అరిగిన మోకాలిని చేత్తో పట్టుకుంటూ నేల మీద కూర్చుని కోర్టు గీతలన్నీ తానే మళ్ళీ గీశారు.

"ఎంతమంది పొడుగు పిల్లలు ఆడి పోయిండ్రే ఈ కోర్టుల! అందరు పెండ్లి కార్డిచ్చి పోయినోళ్ళే. ఒక్కరన్న ఆటతోని బతకాలె" అన్నారు గీత గీస్తూనే.

సెలక్షన్స్‌లో మా కోర్టు నుంచి నన్నొక్కదాన్నే తీసుకున్నారు. బెంగళూరులో పదిహేను రోజుల క్యాంపు. నా ఈవెంట్స్ తేదీ ఆ పదిహేను రోజుల్లోనే పడింది. ఒక్కరోజు సెలవిమ్మని అడిగితే, క్యాంపు వదిలి వెళ్తే ఆ స్థానం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. నాన్నకు ఫోన్ చేశాను. "ఎస్సై అంటే ఎస్సై అని చెప్పుకుంటం. బంతి ఆడుతదంటే ఊర్లె ఎట్ల చెప్పుకోవాలె బిడ్డా?" అన్నాడు. సార్‌ను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. అది నిజం, తొందరపడి చెప్పలేదు.

"నౌకరీ నోటిఫికేషన్ మళ్ళ పడ్తది. టీమ్‌ల జాగ మళ్ళ రాదు. నువ్వు క్యాంపుకే పో. జిమ్మేదారి నాది."

వెళ్ళాను.

క్యాంపు ఎనిమిదో రోజు, మధ్యాహ్నం భోజనాలప్పుడు మేనేజర్ వచ్చి ఫోన్‌లో చూస్తూ చదివాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళు వెనక్కి తగ్గారు, ఈ సీజన్‌కు కొత్త జట్లు లేవు, లీగ్ పాత జట్లతోనే నడుస్తుంది. "బ్యాగులు, షూస్ వాపస్ ఇచ్చి వెళ్ళండి" అన్నాడు. ఒకమ్మాయి అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చుంది. నా ఈవెంట్స్ తేదీ దాటి అప్పటికి రెండు రోజులు.

కాచిగూడలో రైలు దిగితే సార్ రాలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. ఆ రోజంతా ఆయన హిమాయత్‌నగర్‌లో ఆ యజమానుల ఆఫీసు బయట కూర్చున్నారని తర్వాత తెలిసింది. రిక్రూట్‌మెంట్ వాళ్ళకు చూపించుకోవడానికి, క్యాంపు వల్లే నేను ఈవెంట్స్‌కు రాలేకపోయానని ఒక లెటర్ రాసివ్వమని అడిగారట. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, సంతకం పెట్టే మనిషి లేడని పంపేశారు.

మర్నాడు ఆయన అశోక్ నగర్ వచ్చారు. అమ్మాయిల హాస్టల్లోకి మగవాళ్ళను రానివ్వరు కాబట్టి గేటు దగ్గరే నిలబడి కబురు పంపారు. నేను కిందికి దిగాను. చుట్టూ టీ తాగుతున్న స్టూడెంట్లు. సార్ గొంతు తగ్గించలేదు.

"తప్పు నాది బిడ్డా. సాకు చెప్పనీకె రాలే. నిన్ను పరీక్షకే పొమ్మనాల్సింది. నా ఆశ నీ మీద పెట్టిన."

చుట్టూ ఉన్నవాళ్ళు మావైపు చూస్తున్నారు. అంత పెద్ద మనిషి అంతమందిలో నా ముందు తల దించుకుని నిలబడ్డారు. పర్వాలేదు సార్ అనే ఒక్క మాట చాలు.

"ఇప్పుడు చెప్పి ఏం ఫాయిదా సార్" అని పైకి వెళ్ళిపోయాను.

మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేసరికి నా వయసు దాటిపోయింది. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది. ఈ స్కూల్లో చేరాను. కోర్టు ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. ఒక్కసారీ వెళ్ళలేదు.

సార్ మాత్రం మారిపోయారని, అప్పుడప్పుడు కోర్టుకు వెళ్ళే నా పాత రూమ్మేట్ చెబుతుండేది. కోర్టు పక్కన సామాన్ల గది గోడ మీద ప్రతి అమ్మాయి పరీక్ష తేదీ చాక్‌పీసుతో రాసి పెట్టుకునేవారట. మ్యాచ్ ఆ తేదీకి తగిలితే ఆ అమ్మాయిని ఆడనిచ్చేవారు కాదు. ఒక టోర్నమెంట్ సెమీఫైనల్లో అయిదుగురు ఆడాల్సిన చోట నలుగురితోనే ఆడించి చిత్తుగా ఓడిపోయారు. గెలవాలనుకున్న పిల్లలు వేరే కోచ్‌ల దగ్గరికి వెళ్ళిపోయారు. చివరికి ఆయన దగ్గర ఏడెనిమిది మంది మిగిలారు.

బుధవారం మధ్యాహ్నం చిక్కడపల్లిలో వాళ్ళింటికి వెళ్ళాను. సార్ భార్య నన్ను ఎప్పుడూ చూడలేదు, అయినా గుర్తుపట్టింది. "ఆ పొడుగు బిడ్డవు నువ్వే గదా" అని నా చెయ్యి పట్టుకుంది. సార్ నా గురించి ఏమన్నా అనేవారా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఏమనకపోతుండె. ఆ లీగ్ ఆట టీవీల వస్తే లేచి బయటికి పోయెటోడు. అన్నం ముంగటున్నా సరే."

ఇంటి బయట కోర్టు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"అక్కా, లీగ్‌ల మళ్ళ కొత్త టీమ్‌లు వస్తున్నయంట. హైదరాబాద్‌కు గూడ ఇస్తరంట. సార్‌ను అడుగుదామనుకున్న, ఇంతల్నే ఇట్లయింది. సెలక్షన్స్‌కు పోవాల్నా?"

"నీ పరీక్ష ఎప్పుడు?" అన్నాను. ఆ అమ్మాయి తేదీ చెప్పింది. సెలక్షన్స్ తేదీ వాళ్ళు ఇంకా చెప్పలేదంది. "చెప్పినంక నా దగ్గరికి రా, కూసోని మాట్లాడుదాం" అని నా నంబర్ ఇచ్చాను. ఏం చెబుతానో నాకు తెలియదు. పొమ్మనడానికీ భయమే, వద్దనడానికీ భయమే. క్యాంపు గురించి నేను అడిగినప్పుడు సార్ ఎంతసేపు ఆలోచించారో గుర్తొచ్చింది. ఆ బరువు ఎంతో అప్పట్లో నాకు తెలియలేదు. కోపంలో నేనది చూడలేదు.

సార్ పోవడానికి రెండు వారాల ముందు నేనాయన్ను చూశాను. స్కూలు నుంచి వస్తున్న బస్సు నారాయణగూడ చౌరస్తా దాటగానే ఆగింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. కింద సార్ రోడ్డు దాటుతున్నారు, వెనక నలుగురు అమ్మాయిలు. కుడి చెయ్యి పైకెత్తి బళ్ళను ఆపుతూ, కుంటుతూ, ముందు తాను నడుస్తున్నారు. బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఆయన చెయ్యి దించలేదు. అమ్మాయిలు నలుగురూ అవతలి ఫుట్‌పాత్ ఎక్కేదాకా నడిరోడ్డు మీదే నిలబడ్డారు. నేను కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టాను. దిగుదామని లేచాను కూడా. డ్రైవర్ బస్సు కదిలించాడు. వెనక్కి తిరిగి చూస్తే, సార్ ఇంకా ఆ బళ్ళ మధ్యలోనే ఉన్నారు, చెయ్యి పైకే ఉంది.