అన్న వీపు మీద గంజి పొడి

వేసవిలో మా పవర్‌లూమ్ షెడ్డులో అన్న చొక్కా ఒక్కటే పొడిగా ఉండేది. టవళ్ల నూగు తడి ఒళ్లకు అంటుకుని మధ్యాహ్నానికి మేమంతా తెల్ల ఎలుగుబంట్లమయ్యేవాళ్లం. అన్నకు నూగు అంటేది కాదు. ఒళ్లు మాత్రం పెనంలా కాలేది.

"పని మాది, ఇస్త్రీ చొక్కా నీది" అని పక్క మగ్గమతను ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడు అన్న రెండుసార్లు మగ్గాల మధ్యే పడిపోయాడు. పేటలో డాక్టరు ఎండదెబ్బ అన్నాడు. అన్న నమ్మాడు. నాకు నమ్మకం కుదరలేదు.

మా నాన్నను బాపు అనేవాళ్లం. చివరి ఏళ్లలో ఆయన తూలుతూ నడిచేవాడు. చుక్క ముట్టని మనిషిని మా భవాని పేట్ అంతా తాగుబోతు అంది. అది వంశంలో దిగే నరాల జబ్బని పెద్ద దవాఖానలో తేలేసరికి ఆయన మాట కూడా ముద్దయిపోయింది. అన్న నడక తిన్నగానే ఉంది కాబట్టి అతనికి రాలేదని ఇంట్లో అందరి ధైర్యం. పెద్ద దవాఖాన పేరెత్తితే అన్న లేచి వెళ్లిపోయేవాడు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకే. మిగతా చదువంతా గ్రంథాలయంలో, పక్కన రెండు నిఘంటువులు పెట్టుకుని చదువుకున్నదే. అలాగే ఒక లావుపాటి వైద్య పుస్తకం నెలల తరబడి చదివాను. మన అనుమతి అడగకుండా పనిచేసే నరాలు వేరే ఉన్నాయట. గుండె వేగం, లేచి నిలబడినప్పుడు రక్తపోటు, మూత్రం, చెమట అన్నీ వాటి చేతిలోనివే. బాపుకు వచ్చినటువంటి జబ్బుల్లో అవీ దెబ్బతినవచ్చు. కొందరిలో నడక చెడకముందే. చెమటను పరీక్షించే పాత పద్ధతి కూడా అందులో ఉంది. ఒంటికి అయోడిన్ పూసి ఆరనిచ్చి, పైన గంజి పొడి చల్లాలి. చెమట పట్టిన చోటల్లా నల్లబడుతుంది.

అది చదివాక కుర్చీలో కూర్చోలేకపోయాను. గంజికి కరువున్న ఊరా మాది?

దవాఖాన కాదు, ఇంట్లోనే ఒక పరీక్ష అనేసరికి అన్న ఒప్పుకున్నాడు. షెడ్డుకు సెలవు రోజు మధ్యాహ్నం, రేకుల గదిలో ఫ్యాను ఆపి ఇద్దరం చొక్కాలు విప్పాం. వదిన మా వీపులకు అయోడిన్ పూసింది.

"పోతరాజుల లెక్క ఉన్నరు ఇద్దరు. కొరడాలు తేవాల్నా?" అంది.

తొందరలో నేను పడుగుకు పట్టించే గంజి గిన్నెనే అందించాను. పూయగానే ఇద్దరి వీపులూ నల్లబడ్డాయి.

"నీది గూడ నల్లగైందయ్యా!" అని వదిన అన్న వీపు చూసి అరిచింది. అన్న పకపకా నవ్వాడు. "సూసినవా తమ్మీ! నీ బుక్కు బోగస్."

తప్పు నాదే. తడి గంజి అయోడిన్‌కు తగిలితే గోడైనా నల్లబడుతుంది. సిగ్గుపడుతూనే ఆ మాట చెప్పాను. కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ అయోడిన్ పూయించుకుని ఆరాక, ఈసారి నూలుకు గంజి పట్టించే సైజింగ్ కార్ఖానా నుంచి తెచ్చిన పొడి గంజి చల్లించుకున్నాం. తలుపు మూసి కూర్చున్నాం.

ముందు నా నడుము దగ్గర నల్ల చుక్కలు లేచాయట, తర్వాత వీపంతా కలిసిపోయిందట. వదిన చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"మరి నాది?" అన్నాడు అన్న.

 నేను వెనక్కి తిరిగి చూశాను. పసుపుపచ్చ వీపు మీద పొడి, చల్లినది చల్లినట్లే ఉంది. చంక దగ్గర మాత్రం చిన్న మరక.

అన్న మా ముఖాలు చూశాడు. నన్ను భుజం పట్టి తిప్పి నా వీపు చూశాడు.

"నల్లగున్నది. నీకు రాలే, తమ్మీ."

"అట్ల చెప్పరాదు అన్నా. ఇది ఇయ్యాల్టి చెమట సంగతే చెప్తది. నీ ఈడు వచ్చినంక నాకు..."

"బస్. బుక్కు మూయ్ ఇగ." కోపంగా అనలేదు. "రేపు పెద్ద దవాఖానకు పోదాం. ఎండ ఎక్కకముందే."

వదిన ఫోను తీసింది. "ఇద్దరు పక్కపక్క నిలబడున్రి. డాక్టర్‌కు చూపెడ్త."

లేచి నిలబడగానే అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "జర ఆగున్రి, కండ్లు చీకట్లైతున్నయ్."

వదిన ఫోను ఎత్తి పట్టుకునే ఆగింది.