తూర్పుకి మళ్లని మంట

మామయ్యని గుండె ఆపరేషనుకి గుంటూరు తీసుకెళ్లాల్సిన పొద్దున, మా వాకిట్లో కట్టెల పొయ్యి ఒకవైపే మండటం మొదలుపెట్టింది.

గ్యాసు మీద చిటికెలో అయ్యే పని. కానీ మొక్కుబడి పొంగలి కట్టెల మీదే వండాలని అత్తయ్య పట్టు. పైగా ఆమెకో లెక్క ఉంది. పాలు తూర్పుకి పొంగితే తలపెట్టిన పని జరుగుతుంది, పడమటికి పొంగితే ఆ పని మానుకోవాలి. ఈ లెక్క మీద మా ఇంట్లో బోరు ఆగింది, ట్రాక్టరు కొనడం ఆగింది. ఆగితే ఆగాయి, నాకేం. ఈసారి ఆగేది మనిషి గుండె.

ఇంక ఆలస్యం చేస్తే తన చేతుల్లో ఉండదని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. మామయ్య మాత్రం మిరపకోతలన్నాడు, పత్తి అమ్మాలన్నాడు, వాయిదాలు వేస్తూనే వచ్చాడు. భయమని ఒప్పుకోడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని పాలగిన్నె వంకే చూస్తున్నాడు, పడమటికి పొంగితే బాగుండునన్నట్టు. నాకు ఒళ్లు మండింది.

పొయ్యి ముందు ఉత్తరానికి తిరిగి కూర్చున్నాను. కుడిచేతి వైపు తూర్పు. మంటేమో ఎడమకే లాగుతోంది. కట్టెలు పచ్చివేమోనని మార్చాను. బాగా ఎండిన సుబాబుల్ కర్ర కూడా అటే మండింది. బూడిద లాగాను. గొట్టంతో ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడ్డాయి. గాలివాటమేమోనని తడిక అడ్డం పెట్టాను. ఊహూ. గిన్నెలో పడమటి అంచున నురగ లేచింది.

"ఏందమ్మాయ్, పాలు అటు లేస్తన్నాయి?" అంది అత్తయ్య.

"మనకి రాసిపెట్టి లేదేమోలే. వచ్చే నెల చూద్దాం," అన్నాడు మామయ్య, కాస్త తేలికపడి.

"మీరు కాసేపు ఊరుకోండి మామయ్యా," అన్నాను.

వంగి చూస్తే అప్పుడు కనబడింది. గిన్నెని మోసే పొయ్యిగడ్డల మధ్య సందులుంటాయి. పొగా మంటా వాటిలోంచే బయటికొస్తాయి. తెల్లారుజామున పొయ్యి అలికిన అత్తయ్య, తూర్పు దేవుడి దిక్కని అటు మట్టి ఇంకాస్త మందంగా మెత్తింది. ఆ సందు పూర్తిగా పూడిపోయింది. దారిలేక మంట పడమటికి పోతోంది. భక్తి ముదిరి పొయ్యికి ఊపిరాడలేదు.

అది చెప్తే ఆమె అపచారం జరిగిందని మొత్తం ఆపేస్తుంది. ఏం చెయ్యాలో తోచలేదు. అంతలో, "కొబ్బరికాయ లోపలే ఉండిపోయింది," అంటూ ఆమె ఇంట్లోకి వెళ్లింది. మామయ్యకి కనబడకుండా అడ్డంగా వంగి, పుల్లతో ఆ పచ్చిమట్టి పొడిచి తీశాను. ఆ ముద్దనే పడమటి సందులోకి నెట్టాను. కర్రలు కుడికి జరిపాను. వేళ్లు చుర్రుమన్నాయి. నురగ మెల్లగా గిన్నె మధ్యకి వచ్చి నిలబడింది. ఆమె తిరిగొచ్చి నా వెనకే నిలబడింది. కాసేపటికి పాలు తూర్పు అంచు మీదుగా పొంగి నిప్పుల్లో చుయ్యిమన్నాయి.

అత్తయ్య దణ్ణం పెట్టింది. మామయ్య లేచి చెప్పులేసుకున్నాడు.

కారు మా ఆయన నడిపాడు. ముందు సీట్లో మామయ్యకి కునుకు పట్టింది. పెదకూరపాడు దాటాక అత్తయ్య నా చెయ్యి ఒళ్లోకి తీసుకుని, గోళ్ల సందుల్లో మట్టి కొంగుతో తుడవసాగింది.

"కొబ్బరికాయ పొద్దుట్నించీ వాకిట్లో పళ్లెంలోనే ఉందమ్మాయ్," అంది మెల్లగా. "నువ్వేదన్నా చేస్తావనే లోపలికెళ్లా."