"ఏడ నొస్తుంది, బిడ్డా?"

నిన్న తెల్లవారుజామున వర్ని రోడ్డు మీద పరుగెత్తుతుంటే చెరకు రసం ఉడుకుతున్న వాసన తగిలింది. దగ్గర్లో ఎవరో బెల్లం పొయ్యి వెలిగించినట్టున్నారు. ఆ తియ్యటి, కొంచెం మాడిన వాసన లోపలికి పోగానే నా అడుగు దానంతటదే నెమ్మదించింది. చెయ్యి ఎడమ మోకాలి కిందికి పోయింది. నొప్పేమీ లేదు, ఎన్నో ఏళ్లుగా లేదు. కానీ ఆ వాసన వస్తే చాలు, నాకు మళ్లీ పద్నాలుగేళ్లు వస్తాయి. బోధన్ దారిలో చెరకు బళ్ల మధ్య సందు వెతుక్కుంటూ పరుగెత్తే నేనూ, రోడ్డు పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నా కాళ్లనే చూస్తూ నిలబడ్డ ఎస్తేరు టీచరూ కనిపిస్తారు.

ఆవిడ మా బడిలో ఆటల టీచర్. బోధన్‌లోనే పుట్టి పెరిగిన మెథడిస్టు క్రైస్తవ కుటుంబం వాళ్లది. పొట్టిగా, లావుగా ఉండేది. ఆవిడ పరుగెత్తగలదని చూసినవాళ్లెవరూ అనుకోరు. మాది బోధన్ దగ్గరి ఒక క్యాంపు. కాలువ నీళ్లను నమ్ముకుని గుంటూరు వైపు నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను అక్కడ అలాగే అంటారు. బడిలో అందరికీ నేను 'ఆంధ్రోళ్ల పిల్ల'ని, ఆవిడకు మాత్రం 'బిడ్డ'ని. అలాగని గారాబమేమీ చేసేది కాదు. నేను మొదటిసారి అందరికంటే ముందు వచ్చిన రోజు కూడా, "దమ్ము మంచిగుంది. చేతులు ఊకె ఊపుతున్నవ్, గది తగ్గించు," అని ఊరుకుంది.

తొమ్మిదో తరగతి వానాకాలంలో కాలువ గట్టు మీద పరుగెత్తుతూ జారి తూము రాళ్ల మీద పడ్డాను. ఎడమ కాలి ఎముక విరిగింది. పిండికట్టు విప్పేసరికి ఆ కాలు నాది కాదనిపించింది, అంత సన్నబడిపోయింది. నాన్న ఇక పరుగు మాట ఎత్తొద్దన్నాడు. అప్పుడు ఎస్తేరు టీచర్ ఎవరూ పిలవకుండానే మా ఇంటికి వచ్చి, వాకిట్లో నులక మంచం మీద కూర్చుంది.

"ఆడపిల్ల కాలండీ టీచరు గారూ. మళ్లీ విరిగితే ఎవరిదండీ పూచీ?" అన్నాడు నాన్న.

"విరగదని పూచీ నేనెట్ల ఇస్త, అన్నా? కానీ ఒక్కటి చెప్త. నొప్పి దాసుకోకుండ చెప్పుడు నేర్పిస్త."

నాన్న, "సరేనండీ. కానీ నొప్పి అన్నమాట మళ్లీ నా చెవిన పడిందా, ఆ రోజుతో పరుగు సరి," అన్నాడు. వాళ్లిద్దరూ ఒప్పందం కుదిరిందనుకున్నారు. నేను మాత్రం లెక్క వేసుకున్నాను. నొప్పి వస్తే టీచర్‌కు చెప్పాలి. చెబితే నాన్న చెవిన పడుతుంది. పడితే పరుగు పోతుంది.

మొదట్లో నడకే. తర్వాత ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరుగు, ఆ పై స్తంభం దాకా మళ్లీ నడక. నా తోటివాళ్లు దుమ్ము లేపుకుంటూ నన్ను దాటిపోతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. రోజూ చివర్లో ఆవిడ ఒకటే ప్రశ్న అడిగేది. "ఏడ నొస్తుంది, బిడ్డా? చెయ్యి పెట్టి సూపెట్టు." నేను పిక్క మీద అరచెయ్యి ఆనించేదాన్ని. "అరచెయ్యి పెట్టినవంటే కండ నొప్పి. పోతది. ఒక్క వేలు పెట్టి గీడనే అంటే బొక్క నొప్పి. గట్లయితే ఆగుడే." ఆవిడ భాషలో బొక్క అంటే ఎముక. ఒక్క వేలితో చూపించాల్సిన రోజు రాకూడదని రోజూ రాత్రి దేవుడికి మొక్కుకునేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది, అదీ నిజామాబాద్‌లో జిల్లా జట్టుకు అమ్మాయిలను ఎంపిక చేసే పోటీ రోజున. ఊరి బయట కాలువ దాకా పోయి తిరిగి రావాలి. నాన్న స్కూటర్ మీద వచ్చి గమ్యం దగ్గర నిలబడ్డాడు. ఆదివారం కావడంతో టీచర్ చర్చి మానుకుని వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్ల చీరలోనే కాలువ మలుపు దగ్గర కాచుకుని ఉంది. నేను మూడో స్థానంలో ఉన్నాను. మలుపు ఇంకా కొంత దూరముందనగా ఎముక అతికిన చోట సూది గుచ్చినట్టయింది. పళ్లు బిగబట్టాను. రెండోసారి గుచ్చింది. ఆ తర్వాత ప్రతి అడుక్కీ గుచ్చింది.

మలుపు తిరుగుతుంటే టీచర్ నా ముఖం చూడలేదు, కాళ్లే చూసింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, చెప్పులు టపటపలాడుతుంటే నా పక్కనే పరుగెత్తడం మొదలుపెట్టింది.

"నొస్తుందా?"

"లేదు టీచర్."

"బిడ్డా, నొస్తుందా?"

"లేదన్నాను కదా!"

ఆవిడకు ఆయాసం ముంచుకొస్తోంది. "నేనైతే ఆపను," అంది రొప్పుతూ. "నీ కాలు. నువ్వే చెప్పాలె." ఇంకో నాలుగడుగులు వేసి, ఇక చేతకాక ఆగిపోయింది.

ఆవిడ ఆపి ఉంటే తిట్టుకుంటూ ఆగేదాన్నేమో, చెయ్యి విదిలించుకుని పోయేదాన్నేమో. ఆవిడ ఆపలేదు. ముందు రోడ్డు ఖాళీగా ఉంది. దాని చివర నాన్న ఉన్నాడు. వెనక అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. కాలు నేలకు ఆనిస్తే వెన్ను దాకా జివ్వుమంటోంది. ఇంకొన్ని అడుగులు పరుగెత్తాను. ఆగాను. వెనకవాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. రోడ్డు మీద కూలబడి, టీచర్ వచ్చాక ఒక్క వేలు పెట్టి ఆ చోటు చూపించి, వెక్కివెక్కి ఏడ్చాను.

నేను రాకపోయేసరికి నాన్న స్కూటర్ వేసుకుని వచ్చాడు. ఆ శబ్దం వినగానే నేను టీచర్ కొంగు పట్టుకుని, "జారిపడ్డానని చెప్పండి టీచర్," అని బతిమాలాను. ఆవిడ నా చెయ్యి విడిపించి, దాన్ని తన చేతిలోనే ఉంచుకుంది.

"అన్నా, నొప్పొచ్చింది," అంది నాన్నతో. "ఇరిగిన కాడనే. మూడో నంబర్ల ఉండె. ఎవరు ఆపలే, తనే ఆగింది, తనే చెప్పింది. ఇగ నువ్వు పరుగు బంద్ చేస్తే, నిజం చెప్పినందుకు శిక్ష ఏసినట్టయితది. ఈసారి సచ్చినా చెప్పది."

నాన్న ముఖం గట్టిపడింది. నా కాలికేసి చూశాడు, దుమ్ము కొట్టుకుపోయిన ఆవిడ తెల్ల చీరకేసి చూశాడు. ఇక అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాను.

"ముందు డాక్టరుకి చూపిద్దాం పదండి," అన్నాడు. స్కూటర్ తిప్పుతూ, మా ఇద్దరికేసీ చూడకుండా, "ఎన్నాళ్లు ఆగాలో, మళ్లీ ఎప్పటి నుంచి మొదలెట్టాలో కూడా అడుగుదాం," అన్నాడు.

ఎముకలో సన్నటి చీలిక మొదలైందట. ఇంకొంచెం పరుగెత్తి ఉంటే మళ్లీ విరిగేదట. ఆ ఏడాది జట్టులో నాకు చోటు దక్కలేదు. మరుసటి ఏడాది దక్కింది. రాష్ట్ర పోటీల్లో ఎక్కడో నడిమధ్యన వచ్చాను. గొప్ప పరుగుకత్తెను కాలేదు. ఆ పోటీల నుంచి తిరిగొచ్చినప్పుడు కూడా టీచర్ మెచ్చుకోలేదు, "అన్నం తిన్నవా?" అని అడిగింది. ఇప్పుడు ఆవిడ లేదు.

కానీ ఆ రోడ్డు మీద జరిగింది నాతోనే ఉండిపోయింది. నిజం చెబితే ప్రాణప్రదమైనది చేజారుతుందేమోనని భయపడిన రోజులు తర్వాత చాలా వచ్చాయి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లతో, తెల్లవారుజామున నేను రోడ్డు మీద పరుగెత్తుతానని, పెళ్లయినా మాననని నేనే చెప్పాను. అందరికీ నచ్చిన ఒక సంబంధం ఆ మాటతోనే తప్పిపోయింది. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పిన ప్రతిసారీ ఎదుట మా నాన్నలాంటి మనిషే ఉండడు. పోయేవి పోయాయి. అవి పోయినందుకు ఏడ్చాను కానీ, చెప్పినందుకు ఒక్కసారీ ఏడవలేదు.