ఉత్త మగ్గం చప్పుడు

ధర్మవరంలో మగ్గాలున్న వీధుల్లో పగటిపూట తలుపులు మూయరు. గుంటలో కూర్చుని నేసేవాడికి వెలుతురు కావాలన్నది ఒక కారణం. మూసిన తలుపు వెనుక చావో జబ్బో ఉంటుందని అనుకోవడం మరొకటి. 1982లో బెంగళూరు నుంచి వచ్చిన పద్మావతమ్మకు ఈ రెండు కారణాలూ తెలియవు. వచ్చిన రోజే ఆమె తలుపు మూసి గడియ పెట్టింది.

ఆమె బెంగళూరులోనే పుట్టింది. భర్త వెంకటరాముడు అక్కడ ఒక మరమగ్గాల షెడ్డులో తెగిన పోగులు అతికేవాడు. ఈ ఊళ్లో పెళ్లిళ్లకు వచ్చినప్పుడల్లా ఆమె మాత్రం తన భర్త షెడ్డుకు మేస్త్రీ అని చెప్పేది. షెడ్డు మూతపడింది. చనిపోయిన మామగారి మగ్గమూ, మిద్దె ఇల్లూ ఇక్కడ మిగిలి ఉండటంతో వచ్చేశారు. "మామ మగ్గం చెదలు పట్టకూడదని వచ్చినాం" అని ఆమె వీధిలో చెప్పింది. షెడ్డు సంగతి ఎత్తలేదు.

పక్కింటి బయమ్మకు ఆ తలుపంటే గిట్టేది కాదు. పంపు దగ్గర ఎదురైతే ఊరుకునేది కాదు.

"ఏం పద్మావతీ, మీ బెంగళూరులో ఇండ్లకు ఊపిరాడే పని లేదా?"

"దుమ్ము వస్తాది అత్తా."

"అనంతపురం జిల్లాకొచ్చి దుమ్మొద్దంటే యాడికి పోతావే తల్లీ! సరే గాని, ఈ పొద్దు ఏం కూర?"

రోజూ ఈ ప్రశ్న. నగరంలో ఒకరి పొయ్యి మీద ఏముందో ఒకరు అడగరు. అది తన ఇంటి లోపలికి చెయ్యి పెట్టి వెతకడంలాగా పద్మావతమ్మకు తోచేది. బీన్సు అనో, క్యారెట్టు అనో చెప్పి బిందె ఎత్తుకునేది. ఆ కూరగాయలు ధర్మవరం సంతకు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు రావో బయమ్మకు బాగా తెలుసు.

వెంకటరాముడు నేసిన మొదటి చీరను, పడుగు ఇచ్చి నేయించిన షావుకారు నాగేశ్వరయ్య వెలుతురుకు పట్టి చూశాడు. యంత్రాల మధ్య చెడిన చెయ్యి. అంచు ఒకచోట బిగిసి, మరోచోట సడలింది. ఆయన కోప్పడలేదు.

"ఉగాది పోనీలేప్పా, చూద్దాం" అన్నాడు.

అంటే ఇంకో పడుగు ఇవ్వనని అర్థం. నిలువు పోగులైన పడుగు లేకపోతే అడ్డంగా పేక వేయడానికేమీ ఉండదు, మగ్గం ఖాళీ. ఇటువంటప్పుడు వీధిలోని మరో నేతగాడు షావుకారు దగ్గరకు వచ్చి 'వీని పనికి నాది పూచీ' అనడం ఇక్కడి పద్ధతి. వెంకటరాముడు ఎవరినీ అడగలేదు. పొద్దున్నే రైల్వే స్టేషన్‌కు పోయి, బెంచీ మీద కూర్చుని, భోజనం వేళకు తిరిగివచ్చేవాడు.

ఇంట్లో ఉన్న పద్మావతమ్మకు అటు బయమ్మ ఇంటి మగ్గమూ, ఇటు తిప్పమ్మ ఇంటి మగ్గమూ ఎడతెగక వినిపించేవి. మధ్యలో తమ ఇల్లు ఒక్కటే మౌనంగా ఉంది. ఆ మౌనం తమ పేదరికాన్ని వీధిలో చాటుతున్నట్లు ఆమెకు అనిపించింది. ఒకరోజు తలుపు మూసి ఉందని మరోసారి చూసుకుని గుంటలోకి దిగింది. పాత పడుగు కొసలు మగ్గానికి ఇంకా వేలాడుతున్నాయి. భర్త చేసినట్లే కాలితో తొక్కి, పోగును బిగించే పలకను లాగి కొట్టింది. చప్పుడు వచ్చింది. మళ్లీ కొట్టింది. ఆ తరువాత అది రోజువారీ పని అయింది.

ఒకనాడు వెంకటరాముడు త్వరగా వచ్చి ఆమెను గుంటలో చూశాడు.

"ఏం జేస్తాండావ్?"

"మనం ఖాళీగా ఉండామని వీధికి తెల్లగూడదు."

"ఆ చప్పుడు..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. గోడ వైపు తిరిగి కూర్చుని అన్నాడు: "తాడిపత్రికి పోతా. బండలు పాలిష్ పట్టే పని ఉండాదంట. మగ్గం ఇప్పి అమ్మేద్దాం."

మగ్గం అమ్మితే ఏ మాట చెప్పుకొని ఈ ఊరికి వచ్చిందో ఆ మాటా పోతుంది. మరునాడు మరింత గట్టిగా కొట్టింది. కాలికింది తాడు పుటుక్కున తెగింది. ఎలా కట్టాలో ఆమెకు తెలియదు. మగ్గం నిలిచిపోయింది.

కాసేపటికే తలుపు మీద చెయ్యి పడింది. "తియ్యే, నేను" అంది బయమ్మ. లోపలికి వచ్చి గుంట వైపు చూడకుండా గడప పక్కన చతికిలబడింది.

"నిలిచిపాయనే?"

"తాడు తెగింది అత్తా."

"ఈ పొద్దు తాడు తెగింది. పడుగు ఎప్పుడో అయిపాయ గదా?"

పద్మావతమ్మ తెగిన తాడు ముక్కను కొంగు కింద దాచుకుంది.

"ఉత్త మగ్గం ఉత్త మగ్గం మాదిరే మోగుతాది. పేకపోగు మోసుకోని నాడె అటూ ఇటూ ఉరికే చప్పుడు యాడ? పోగు లేని పలక ఎముకకు ఎముక తగిలినట్ల కొట్టుకుంటాండాది. వీధంతా వింటాండాం."

"మరి ఒక్కరైనా అడగలేదే?"

"ఆడే మగ్గం ఉండే ఇంటికొచ్చి, పడుగు లేదా అని యాట్ల అడిగేది? మీ రాముడు మొగం యాడ బెట్టుకోవల్ల? మగ్గం నిలిస్తే ఎవురో ఒకరు వస్తారు. అది అడిగినట్టే. నువ్వేమో నిలపనిస్తివా? 'ఈ పొద్దన్నా అలిసిపోతాదేమో ఆ యమ్మ' అని మా ఇంటాయన పొద్దున్నే అనుకుంటాండె."

పద్మావతమ్మ తల పైకెత్తలేదు. ఇన్నాళ్లూ దాచాననుకున్నదాన్ని తానే పలకతో కొట్టి మరీ చాటింది. వచ్చే సాయాన్ని గడప దగ్గర ఆపిందీ ఆ చప్పుడే. భర్తకు ఇదంతా తెలుసు. తనను సిగ్గుపరచలేక ఊరుకున్నాడు. అన్నిటికంటే ఆమెను ఎక్కువగా కాల్చింది ఇదే.

ఆ సాయంత్రం బయమ్మ భర్త ఓబుళేసు వెంకటరాముణ్ణి నాగేశ్వరయ్య దగ్గరకు తీసుకుపోయి పూచీ పడ్డాడు. పడుగు వచ్చింది. మరునాడు ఎండ ముదరకముందే దాన్ని వీధి పొడవునా సాగదీశారు. ఈ పనికి ఒక ఇంటి మనుషులు చాలరు. పిలవకుండానే అందరూ వచ్చి తలా ఒకచోట పట్టుకున్నారు. పద్మావతమ్మ కూడా బయటికొచ్చి ఒక కొస పట్టుకోక తప్పలేదు. ఉత్త మగ్గం మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించింది.

చివరికి తిప్పమ్మ ఉండబట్టలేకపోయింది.

"మెల్లగా పట్టుకోమ్మా బెంగళూరాయమ్మా! నీ చెయ్యి బో గట్టిదని విన్యాం!"

నవ్వుకు పడుగంతా వణికింది. "ఏయ్, పోగులు తెగుతాయి!" అని ఓబుళేసు కసిరినా, ఆయనా నవ్వుతూనే ఉన్నాడు. పద్మావతమ్మ ముఖం చెవుల దాకా వేడెక్కింది. కొస మాత్రం వదల్లేదు.

మళ్లీ మగ్గం ఆడసాగింది. వెలుతురు కోసం వెంకటరాముడు తలుపు బార్లా తెరిచాడు; ఆమె వద్దనలేదు. గడప లోపల కూర్చుని పేకపోగును కండెలకు చుడుతుంటే బయమ్మ బిందెతో పోతూ ఆగింది.

"ఏం కూర?"

"కూర లేదు అత్తా. ఉత్త ఊరిబిండి నూరినా" అంది పద్మావతమ్మ, కండె మీది నుంచి కళ్లు ఎత్తకుండా.