గురమ్మ కోడలి తొలి కాన్పు

తర్లుపాడు గొల్లల్లో గురమ్మను మొండి మనిషి అనేవారు. అన్నవాళ్ళ తప్పేమీ లేదు. కరువు వచ్చిన ఏడు మంద మొత్తం అమ్మేద్దామని మొగుడంటే, నా వల్ల కాదని తానే గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కి, వానలు పడ్డాకే దిగివచ్చిన మనిషి ఆమె. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకు కాటమరాజును పెంచి, పెళ్ళి చేసి, ఇంటినీ మందనూ నిలబెట్టుకుంది. నోరు పెద్దది, మనసు మెత్తనిది. ఆ మెత్తదనం బయటపడితే ఎక్కడ లోకువైపోతానో అని నోటినే ముందు పెట్టుకుని తిరిగేది.

ఆమె పుట్టిల్లు కొండలకు అవతల, బనగానపల్లె నవాబు సంస్థానంలో ఉంది. ఎండాకాలంలో ఇవతలి మందలూ అవతలి మందలూ అడవిలో ఒకే చెలమ దగ్గర నీళ్ళు తాగేవి. పెద్దవాళ్ళు అక్కడే కూర్చుని వియ్యాలు కలుపుకునేవారు. గురమ్మ అట్లా వచ్చిన కోడలే. ఆ తరవాత తమ్ముడు లక్ష్మీనరసయ్య కూతురు చెంచులక్ష్మిని తన కొడుక్కి చేసుకుంది. ఆ పిల్లకు గురమ్మ పుట్టుకతోనే మేనత్త, పెళ్ళితో అత్తగారు.

నలభై తొమ్మిదో సంవత్సరం శ్రావణంలో చెంచులక్ష్మికి ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏడో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చి, పిల్ల ఒడి నింపి తీసుకుపోతారు. ఎనిమిదో నెల పడితే గడప దాటించకూడదు. లక్ష్మీనరసయ్య రైల్లో వస్తున్నానని కబురు పెట్టాడు. ఆ కబురు విన్నప్పటినుంచి చెంచులక్ష్మి ఏ పనిలో ఉన్నా చెవి స్టేషను వైపే పెట్టేది.

సరిగ్గా అప్పుడే ఢిల్లీలో పెద్దమనుషులకు ఒక తగువు వచ్చిపడింది. తెల్లవాళ్ళు పోయారు, దేశానికి కొత్తగా రాజ్యాంగం రాసుకుంటున్నారు. అందులో ఈ దేశపు మనిషి అంటే ఎవరు అన్న దగ్గర చిక్కుకున్నారు. స్టేషను ముందరి దుకాణంలో మిషన్ బడి అయ్యవారు విశ్వాసం రోజూ పేపరు పైకి చదివి అందరికీ చెప్పేవాడు. నెయ్యి వేయడానికి పోయిన గురమ్మ ఆ రోజు అక్కడ నిలబడి విన్నది.

"ఈ గడ్డ మీద పుట్టినోళ్ళంతా మనోళ్ళే అని రాసినారంట. దాని మీదనే కొట్లాట," అన్నాడు విశ్వాసం. "ఒకాయన లేచి, ఓడలో పోతా పోతా ఒకామె మన రేవులో బిడ్డను కంటే, ఆ బిడ్డ గూడా మనోడేనా అని అడిగినాడంట."

"వేరే రాజ్యంలో కాన్పయితే ఏంది అయ్యోరా?" అని అడిగింది గురమ్మ.

"తల్లో తండ్రో ఇక్కడ పుట్టుంటే చాలని గూడా రాసినారక్కా. కానీ ఇంకా ఏదీ తేల్లేదు. అరుచుకుంటానే ఉండారు."

మిగిలిన మాటలన్నీ గాలికి పోయి, తేల్లేదు అన్న ఒక్క మాట గురమ్మ చెవిలో ఉండిపోయింది. కాటమరాజు పుట్టింది నవాబు రాజ్యంలో. తొలి కాన్పుకు తాను పుట్టింటికే పోయింది. అంటే పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఇక్కడే గొర్రెలు కాస్తున్న కొడుకు ఢిల్లీవాళ్ళ లెక్కలో పరాయివాడా? ఇక మనవడు కూడా అక్కడే పుడితే వరసగా రెండు తరాలు. తండ్రినీ బిడ్డనూ ఏదో ఒకనాడు జవానులు వచ్చి తోలుకుపోతే తాను ఎవరికి చెప్పుకోవాలి? నవ్వకండి. దేశం రెండు ముక్కలై, జనం మూటలు నెత్తిన పెట్టుకుని రైళ్ళెక్కిన కథలు అప్పటికే తర్లుపాడు దాకా వచ్చాయి. ఆ కథలు విన్న తల్లికి భయం పుట్టడంలో వింతేముంది?

లక్ష్మీనరసయ్య చలిమిడి బిందెతో ఇంట్లో అడుగుపెట్టగానే గురమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది, అన్నం పెట్టింది, చేయి కడుక్కున్నాక మాట చెప్పింది.

"పిల్లను పంపను. కాన్పు ఈడనే."

తమ్ముడు నిర్ఘాంతపోయాడు. "తొలి కాన్పు అత్తగారింట్లోనా? మేం బతికి లేమా అక్కా?"

"మీ నవాబు రాజ్యంలో పుట్టినోళ్ళ సంగతి ఢిల్లీలో ఇంకా తేల్లేదంట. తేలనీ, పంపిస్తా."

"నవాబు గద్దె దిగి పోయి ఏడాది దాటింది కదక్కా. ఇప్పుడు మాది గూడా మీ మాదిరే మద్రాసు రాజ్యం."

"నా కొడుకు పుట్టినప్పుడు పోయినాడా?" అంది గురమ్మ. "పోయినోడు మళ్ళీ రాడని నువ్వు రాసిస్తావా?"

నవాబు తరఫున హామీ ఉండడం లక్ష్మీనరసయ్య వల్ల అయ్యే పని కాదు. సాయంత్రం మంద తోలుకొచ్చిన కాటమరాజు సంగతి విని నవ్వాడు. "నేను ఏ రాజ్యపోడినో గొర్రెలు అడగలేదే అమ్మా," అన్నాడు. గురమ్మ కసిరేసరికి నోరు మూసుకుని దొడ్లోకి పోయాడు. తెల్లారి బండికి వెళ్ళిపోతానని లక్ష్మీనరసయ్య ముభావంగా చెప్పాడు. చలిమిడి బిందె మూత తీయకుండానే గోడవార ఉండిపోయింది.

చీకటి పడుతుండగా గురమ్మ మేకను పితుకుతుంటే చెంచులక్ష్మి వచ్చి పక్కన చతికిలబడింది. ఆ పిల్ల ఎప్పుడూ ఎదురు మాట్లాడింది లేదు. ఇప్పుడు కూడా నేల వైపు చూస్తూనే అడిగింది.

"అత్తా, నువ్వు యాడ పుట్టినావు?"

"నేనా? మీ ఇంట్లోనే. గాదె పక్కన మూల గదిలో."

"అయితే నిన్ను గూడా తోలేస్తారా?"

గురమ్మ చేతిలో పాలధార ఆగిపోయింది. కొడుకును గురించి కుమిలింది, పుట్టని మనవడిని గురించి కుమిలింది. తానూ అక్కడే పుట్టానన్న సంగతి ఆమెకు ఒక్కసారైనా తట్టలేదు. ఆడది పుట్టిన ఊరు విడిచి వచ్చి ఉండడం ఎండావానంత మామూలు, దానికి లెక్క ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నాకు అయ్యన్నీ తెలీదత్తా," అంది చెంచులక్ష్మి. కళ్ళు తుడుచుకుంది. "నాకు భయమైతాంది. నాకు మా అమ్మ కావాల."

ఆ మాటకు గురమ్మ మనసు చివుక్కుమంది. తాను కూడా ఇదే వయసులో ఇదే మాట అంది. అప్పుడు అత్తగారు మందకు మనిషి లేదని పంపనంటే, కబురు విన్న తల్లి కాపర్ల వెంట నల్లమల నడిచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కాళ్ళ నిండా ముళ్ళు. "నా బిడ్డ నా ఒళ్ళోనే కనాల," అని ఒక్క మాట అని, తీసుకునే కదిలింది. నొప్పులు పడినంతసేపూ ఆ తల్లి వెనక కూర్చుని, కూతురి వీపును తన గుండెకు ఆనించుకుని, చేతులు పట్టుకునే ఉంది. కాటమరాజు అట్లా పుట్టాడు. అప్పుడు అది ఎవరి రాజ్యమో గురమ్మకు గుర్తే లేదు. వీపుకు తగిలిన తల్లి గుండె చప్పుడు మాత్రం ఇవాళ్టికీ గుర్తుంది. ఆ తల్లి పోయాక గురమ్మ మళ్ళీ పుట్టింటి ముఖం చూడలేదు.

పాలచెంబు పక్కన పెట్టి కోడలి తల నిమిరింది. "ఏడవమాక. నేనే తోడొస్తా పద," అంది. ఆ వెంటనే లోపలికి పోయి, బిందె మూత తీసి, చలిమిడి ముద్ద కోడలి నోట్లో పెట్టింది. తమ్ముడి వైపు తిరిగి, "చూస్తావేంది, తెచ్చిన గాజులు బయటికి తీ," అని గదమాయించింది. మనసు మారిందని ఒప్పుకోవడం మాత్రం ఆమెకు చేతకాలేదు. లక్ష్మీనరసయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెల్లారి ముగ్గురూ కలిసి రైలెక్కారు.

ఆశ్వయుజంలో గాదె పక్కన అదే మూల గదిలో చెంచులక్ష్మి తల్లికి ఆనుకుని ఆడపిల్లను కంది. మనవడు మనవడు అని కుమిలి తమ్ముడితో తగువు పెట్టుకున్న గురమ్మ, చేతిలోకి వచ్చిన మనవరాలిని చూసి ముందు బిక్కమొహం వేసింది, తరవాత ముద్దులాడి ముద్దులాడి దించలేదు. ఈ లోగా ఢిల్లీవాళ్ళ తగువు కూడా తేలిపోయింది. విశ్వాసం ఆ రోజు చదివినట్టే, తల్లో తండ్రో ఈ గడ్డ మీద పుట్టినా చాలు, అయిదేళ్ళుగా ఇక్కడ కాపురమున్నా చాలు అన్నారు. గురమ్మ ఇంట్లో పరాయివాళ్ళు ఎవరూ లేరు.

మూడో నెలలో తల్లీబిడ్డలతో ఆమె తర్లుపాడులో దిగేసరికి విశ్వాసం స్టేషనులోనే ఎదురయ్యాడు. బిడ్డ బుగ్గ పుణికి, "ఈ పిల్ల ఏ రాజ్యంలో పుట్టింది గురమ్మక్కా? ఢిల్లీవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావు?" అని ఆటపట్టించాడు.

గురమ్మ బిడ్డకు ఎండ తగలకుండా కొంగు కప్పింది.

"వాళ్ళ అమ్మమ్మ ఒళ్ళో పుట్టిందని చెప్పు అయ్యోరా," అంది. "ఆ రాజ్యం యాడుందో తెలీకపోతే, ఇంటికి పోయి వాళ్ళ అమ్మలను అడగమను."