రెండోది

మా బాబాయి కాటాలు బాగుచేస్తాడు. కిరాణా కొట్లలో, మందుల షాపుల్లో, పాత ఇనుము కొనేవాళ్ళ దగ్గర ఉండే కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి, తేడా ఉంటే సరిచేసి ఇవ్వడం ఆయన పని. ఆయన దగ్గర ఒక చెక్కపెట్టె ఉంది. మఖమలు పరిచిన గుంటల్లో ఇత్తడి తూకపురాళ్ళు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా కూర్చుని ఉంటాయి. వాటిని ఆయన మెత్తటి గుడ్డతో తీస్తాడు, మెత్తటి గుడ్డతోనే పెడతాడు. వేలి చెమట అంటితే రాయి బరువు మారిపోతుందట. మాటల్ని కూడా అలాగే గుడ్డతో తీసి గుడ్డతో పెడతాడని పిన్ని ఎగతాళి చేస్తుంది.

పిన్ని మా అమ్మకి స్వయానా చెల్లెలు. యూనివర్సిటీ వాళ్ళింటికి దగ్గరని తెలుగు ఎం.ఏ.లో చేరినప్పటి నుంచి నేను అక్కడే ఉంటున్నాను. వాళ్ళకి పిల్లల్లేరు. ఈ సంగతి ఇక్కడ చెప్పడం దేనికంటే, తర్వాత మా అమ్మ దీన్ని కూడా కలుపుకుని ఆలోచించింది.

బండ్ల మాట వస్తే మాత్రం బాబాయి వేరే మనిషి. ఆదివారం పొద్దున్నే తన నల్లబండిని గేటు దగ్గర నిలబెట్టి కడుగుతుంటాడు. నేను మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. పుస్తకం ఊరికే. ఆయన కథలు వినడానికే కూర్చునేదాన్ని.

మొదటిది పొగది. పని నేర్పిన గురువుగారు ఇచ్చిన బండి. "మనం వెళ్ళిపోయాక కూడా అది కాసేపు వీధిలోనే ఉండేదమ్మా" అనేవాడు బాబాయి, దాని పొగని తలుచుకుని. తర్వాత గయ్యాళి. కిక్కు కొడితే తిరిగి తన్నేది. ఆయన కుడి చీలమండ మీద మచ్చ దానిదే. "అయినా మంచిదే. తన్నేదేదో ఇంటి దగ్గరే తన్నేసేది. బయటికి వెళ్ళాక ఎన్నడూ పరువు తీయలేదు." ఇక ఇప్పుడున్న నల్లది. ఇరవై రెండేళ్ళుగా తూకపురాళ్ళ పెట్టెని, పిన్నిని, అవసరమైతే ఇద్దరినీ కలిపి మోస్తోంది.

గయ్యాళికీ నల్లదానికీ మధ్య ఏముండేదని ఒకసారి అడిగాను. "ఏదో ఉండేదిలే" అని నీళ్ళు గుమ్మరించాడు. మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఒక గురువారం మధ్యాహ్నం బాబాయి పెరట్లో నిలబడి తన స్నేహితుడితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆ స్నేహితుడు బండ్ల మెకానిక్. నేను కిటికీకి ఇవతల బట్టలు మడతపెడుతున్నాను. ఆయన మాట్లాడింది బండి గురించి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టి నవ్వించే ముఖం నాకు లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం నేను విన్నది ఇది:

"మూడింటినీ చూశానయ్యా. ఆ పొడుగుది నాకు సరిపడదు, పక్కన నిలబడితేనే పొట్టివాడిలా ఉన్నాను. ఇంకోటి మరీ సుకుమారం. ఎర్రదాన్ని చూశాక ఏదీ ఆనడం లేదు. పెళ్ళి కుదిరినప్పుడు తప్పక వదిలేశాను, మళ్ళీ నా కళ్ళబడుతుందనుకోలేదు. ఆ పెద్దమనిషి సరిగ్గా చూసుకోలేదు, ఒళ్ళంతా గీతలే. గొంతు మాత్రం అదే గొంతు... ఛ, ఇంట్లో ఉన్నదాన్ని ఎలా వదులుతాను? ఇరవై రెండేళ్ళు నాతో తిరిగింది, ఒక్కరోజు మొరాయించలేదు. అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది. ఈ వయసులో రెండోది ఏంటని నవ్వుతారేమో. ఇంట్లో ఆవిడకి ఎలా చెప్పాలో తెలియడం లేదు."

చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. బాబాయి పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఎర్రది అంటే తెల్లగా, పచ్చగా ఉండే మనిషి అనుకున్నాను. ఒళ్ళంతా గీతలంటే ఎవడో కొట్టి ఉంటాడనుకున్నాను. అప్పటికే ఆమె మీద కాస్త జాలి కూడా పడ్డాను. చదివిన నవలలన్నీ ఆ క్షణంలో నాకు సాక్ష్యం చెప్పాయి.

ఆయన్ని అడిగే ధైర్యం లేదు. కొట్లో చిల్లర తక్కువిచ్చినా అడగలేని మనిషిని. పిన్నికి చెప్పే ధైర్యం అసలే లేదు. మేడ మీదికెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను.

"పిల్లల్లేరనే కదా ఇదంతా! నువ్వు నోరు మూసుకుని కూర్చో, నేను చూసుకుంటాను" అంది అమ్మ. చూసుకోవడమంటే ఆ సాయంత్రమే పిన్నికి ఫోన్ చేసి మొత్తం చెప్పేయడమని నాకు తెలియదు. ఆ పూట పిన్ని అన్నం వడ్డిస్తూ బాబాయి కంచం వైపు చూడలేదు. "ఒంట్లో బాగాలేదా?" అని బాబాయి రెండుసార్లు అడిగాడు. "బాగానే ఉంది" అని రెండుసార్లూ గోడకి చెప్పింది.

మర్నాడు పొద్దున అమ్మ బస్సు దిగి నేరుగా వచ్చింది. బాబాయి ముందుగదిలో బల్ల మీద ఎవరిదో మందుల షాపు కాటా విప్పుకుని కూర్చున్నాడు. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను ఆమె వెనక.

"మరిదిగారూ, ఎవరది?" అంది అమ్మ చెప్పులైనా విప్పకుండా.

"ఏది వదినగారూ?"

"మీ రెండోది."

బాబాయి చేతిలో గుడ్డ ఆగిపోయింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మీ దాకా వచ్చిందా?"

"ఇలాంటివి దాగుతాయా? ఎన్నాళ్ళ నుంచి?"

"ఎన్నాళ్ళంటే... పెళ్ళికి ముందు నాదేనండీ అది."

అమ్మ కుర్చీలో కూలబడింది. "ఇప్పుడెక్కడ పెట్టారు?"

"మావాడి షెడ్డులో. ఇంటికి తెస్తే మీ చెల్లెలు ఏమంటుందోనని. వానకి తడవకుండా పట్టా కప్పి ఉంచాం."

"పట్టానా? సిగ్గులేకపోతే సరి! మనిషికి పట్టా కప్పుతారా?"

"మనిషెవరండీ?" అన్నాడు బాబాయి. "ట్యాంకు అడుగున ఇప్పటికే కాస్త తుప్పుంది, ఇంకా తడిస్తే రంగంతా గీకించాలి కదా అని..."

అమ్మ నోరు తెరిచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి కూడా సరిపోలేదు. కుర్చీ ఊగేలా నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "బండా! ఓరి నాయనో, బండా! దీని చదువు మండిపోనూ, పొద్దున్నే నన్ను బస్సెక్కించింది!" అని లేచి వచ్చి నా నెత్తి మీద మొట్టింది.

అమ్మ నవ్వుతోంది కదా అని బాబాయి కూడా నవ్వబోయాడు. అంతలో పిన్ని ముఖం చూశాడు. రాత్రంతా ఏడ్చిన ముఖం అది. ఆయనకి అప్పుడు అర్థమైంది. "అంటే... మీరు... తను కూడా..." అని ఆగిపోయాడు. నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. కాటాలో తేడా ఎక్కడొచ్చిందా అని వెతికేటప్పుడు అలా చూస్తాడు. నేను తల దించుకున్నాను. మళ్ళీ తలెత్తేసరికి ఆయన ఒక తూకపురాయిని వట్టి వేళ్ళతో తీసి పెట్టెలో పెడుతున్నాడు.

ఆ రోజు ఎవరైనా ఆయన మీద అరిచి ఉంటే ఆయన తట్టుకునేవాడు. నవ్వుని తట్టుకోలేకపోయాడు. అమ్మ వెళ్తూ వెళ్తూ పక్కింటావిడకి చెప్పింది. ఆవిడ వాళ్ళాయనకి చెప్పింది. వారం తిరిగేసరికి బాబాయి కాటాలు చూసే కొట్లలో కూడా "గురువుగారూ, రెండోది ఎలా ఉంది?" మొదలైంది. చెప్పినవాళ్ళకి, విన్నవాళ్ళకి అదొక సరదా. ఆయనకి అది పెళ్ళికి ముందు వదిలేసి, ఇరవై రెండేళ్ళు పేరెత్తకుండా దాచుకున్న ముచ్చట. తనకంటూ ఇది కావాలని ఎన్నడూ అడగని మనిషి. మొదటిసారి ఒకటి కావాలనుకున్నాడు. ఊరందరూ చూసేలా దాని మీది పట్టా నేను లాగేశాను.

బాబాయి మెకానిక్‌కి ఫోన్ చేసి, ఎవరైనా అడిగితే ఇచ్చేయమని చెప్పాడు. ఆ మాట వంటింట్లోకి వినబడింది.

"ఆ ఎర్రబండి సంగతి నాకు మొదట్నుంచీ తెలుసే" అంది పిన్ని, గిన్నెలు తోముతూ, నాతో. "ఒంటి సీటు బండి. పెళ్ళిచూపులకి దాని మీదే వచ్చాడు. పెళ్ళికి వారం ముందు మార్చేసి నల్లది తెచ్చుకున్నాడు, ఇద్దరం కూర్చోవాలి కదాని. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు."

"మరి అమ్మ చెప్పగానే ఎలా నమ్మావ్ పిన్నీ?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

ఆమె గిన్నె బోర్లించింది. "అదేనే నా బాధ. నువ్వు ఫోన్‌లో విన్న మాటలు అక్క పొల్లుపోకుండా చెప్పింది. 'ఇంట్లో ఉన్నది' అన్నాడు, 'దాన్ని' అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఎప్పుడైనా 'అది' అన్నాడా? ఎవరితోనైనా సరే, ఆవిడ అంటాడు, తను అంటాడు. ఆ చివరి మాటలో కూడా ఆవిడకి ఎలా చెప్పాలో అనే అన్నాడు. అది వేరు, ఆవిడ వేరు. నాకు తెలియాలి కదా? ఒక పూటంతా నమ్మాను. ఆయన పక్కనే పడుకుని నమ్మాను."

మన భాషలో ఆడదానికీ బండికీ ఒకటే సర్వనామమని నేను క్లాసులో మార్కులు తెచ్చుకునేలా రాశాను. ఎవరిని 'అది' అంటారు, ఎవరిని 'ఆవిడ' అంటారు అన్న చోట మర్యాద ఎలా పుడుతుందో రెండు పేజీలు రాశాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన పిన్ని గిన్నెలు తోముతూ చెప్పిన సంగతి, ఆ కిటికీ దగ్గర నాకు తట్టలేదు.

ఆ తర్వాతి శనివారం పిన్ని నన్ను వెంటబెట్టుకుని మెకానిక్ షెడ్డుకి వెళ్ళింది. "నువ్వూ రా. నీ నోటితోనే చెబుదువుగాని" అంది. అక్కడికెళ్ళాక నేను ఆమె వెనక్కి జరిగాను. ఆమే చెప్పింది.

"అన్నయ్యగారూ, ఆ బండి ఎవరికీ ఇవ్వకండి. మేమే తీసుకుంటాం."

"ఆయనే వద్దన్నాడమ్మా."

"ఆయన వద్దనే అంటారు. నేను కావాలంటున్నాను."

మెకానిక్ పట్టా తీశాడు. చిన్న బండి. మెరుపు పోయిన ఎరుపు, ట్యాంకు మీద గీతలు, ఒక్కరు కూర్చునే సీటు. అప్పట్లో దాన్ని కొనుక్కున్న కట్టెల మిల్లు యజమాని ఇన్నేళ్ళూ ఓ మూల పడేసి ఉంచాడట. పిన్ని హ్యాండిలు మీద చెయ్యి వేసి, "ఇంతేనా?" అంది మెల్లగా.

బండి ఇంటికొచ్చింది. బాబాయి వద్దు, వద్దు అంటూనే నాలుగు రోజులు దాని ముందు కూర్చుని తుప్పు గీకాడు. పిన్ని దీపం పట్టుకుంది. కథ ఇక్కడ ఆగితే బాగుండేది.

మొదటి ఆదివారం ఆయన గేటులోంచి బండి తీయగానే, ఎదురింటి అరుగు మీద పేపరు చదువుకుంటున్న రిటైర్డ్ గుమాస్తాగారు తలెత్తారు. "ఏమండోయ్, రెండోదాన్ని షికారుకి తీసుకెళ్తున్నారా? పెద్దావిడ ఒప్పుకుందా?" అన్నారు. బాబాయి ఇబ్బందిగా నవ్వాడు. అంతకు ముందు ఆయనకి ఆ నవ్వు లేదు. నా వల్ల వచ్చింది. కిక్కు మీద పెట్టిన కాలు తీసేశాడు. ఇంజను ఆపి ఉన్న బండిని ఇళ్ళన్నీ దాటి వీధి మలుపు దాకా తోసుకుంటూ వెళ్ళాడు. మలుపు తిరిగాక గానీ ఆ బండి గొంతు మాకు వినబడలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. నల్లదాన్ని గేటు దగ్గరే స్టార్ట్ చేస్తాడు. ఎర్రదాన్ని మలుపు దాకా తోస్తాడు.

క్షమించమని అడగాలని ఒకసారి దగ్గరికెళ్ళాను. "బాబాయ్, ఆ రోజు నేను..." అన్నాను. "చైను వదులైందమ్మా. ఆ పానా ఇలా ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను.

మొన్న ఆదివారం ఆయన బండి తీస్తుంటే వెనక నుంచి చెయ్యి వేసి నేనూ తోశాను. వద్దనలేదు. గుమాస్తాగారు ఏదో అన్నారు, నాకు సరిగ్గా వినబడలేదు, బాబాయి భుజాలు మాత్రం కాస్త వంగాయి. మలుపు దగ్గర మూడో కిక్కుకి బండి అందుకుంది. సన్నగా, తొందరగా, చిన్నపిల్ల పరిగెత్తుతూ మాట్లాడినట్టుంది దాని చప్పుడు. ఆయన ముఖం ఒక్కసారి విప్పారింది. నా వైపు చూసి ఏదో అనబోయి, ఒంటి సీటు కదా, "నువ్వు ఇంటికెళ్ళు తల్లీ" అని వెళ్ళిపోయాడు.

నేను ఆ వీధిలోంచే నడిచి రావాలి. గుమాస్తాగారి అరుగు ముందు కాళ్ళు ఆగాయి. పెద్దవాళ్ళతో ఎదురు నిలబడి మాట్లాడటం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

"అది బండండీ" అన్నాను.

"ఆఁ?"

"బాబాయిది. అది ఎర్ర బండి. తప్పుగా విన్నది నేను, చెప్పింది నేను. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి. ఆయన్ని అనకండి."

ఆయన కళ్ళజోడు తీశారు. "అయ్యో, సరదాకి అన్నానమ్మా. మేమూ మేమూ పెద్దవాళ్ళం, ఏదో అనుకుంటాం. దానికింత..." అని నసిగి పేపరు మడిచారు.

"ఆయనకి సరదాగా లేదండీ" అని ఇంటికొచ్చేశాను.

ఈ ఆదివారం గుమాస్తాగారు అరుగు మీద ఉన్నారు గానీ పేపరులోంచి తల ఎత్తలేదు. వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. బాబాయి గేటు తీశాడు. ఎర్రబండి స్టాండు తీసి, ఒక క్షణం అటూ ఇటూ చూసి, మలుపు దాకా తోసుకుంటూనే వెళ్ళాడు.