అర బస్తా మిషన్ కోసం సిరిసిల్లకు

ఉదయం ఆరింటికి కోరుట్లలో జగిత్యాల బస్సు ఎక్కాం, నేనూ మా ఆయన మల్లేశమూ. సిరిసిల్లలో ఖాదర్ భాయ్ అనే బేకరీ యజమాని పిండి కలిపే మిషన్ ఒకటి అమ్ముతున్నాడని మైదా కొట్టులో విన్నాం. కొనాలన్న పట్టుదల నాది.

మాది చిన్న బేకరీ. రోజుకు మూడు వందల బన్నులు, పిండంతా చేత్తోనే పిసుకుతాం. భట్టి వేడెక్కడానికి కట్టెలు మూడు వందల బన్నులకైనా ఆరు వందలకైనా అంతే పడతాయి. ఎక్కువ చేసినకొద్దీ ఒక్కో బన్నుకయ్యే ఖర్చు తగ్గుతుందని ఏడాదిగా మా ఆయన్ని పోరుతున్నాను. బస్తా మైదా ఒక్కసారే కలిపే మిషన్ తెచ్చి, పక్కన పెద్ద భట్టి కట్టించాలని నా ఆశ.

డబ్బు గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్నాను. అడవిలో నక్సలైట్ అన్నలు, రోడ్ల మీద పోలీసులు ఉన్న రోజులవి. అంత డబ్బు ఒంటిమీద దొరికితే ఎవరికి చేరవేస్తున్నావని అడుగుతారు. బన్నుల కోసమంటే ఎవరు నమ్ముతారు?

ఏడుంపావుకు జగిత్యాల చేరాం. బస్టాండు క్యాంటీన్‌లో మా ఆయన నాలుగు ఇడ్లీలు తిన్నాడు. ఏడున్నరకు వేములవాడ బస్సు. నా పక్కన కొండగట్టుకు పిల్లాడి పుట్టెంట్రుకలు తీయించడానికి పోతున్న ఒకామె కూర్చుంది. నా చెయ్యి నడుము మీదే ఉండటం చూసి, "కడుపు నొస్తుందా అక్కా?" అని అడిగింది. అవునన్నాను. పాపం, జీలకర్ర ఇచ్చింది.

కొండగట్టు దగ్గర బస్సు సగం ఖాళీ అయింది. జనం తగ్గేసరికి నా భయం పెరిగింది. కొడిమ్యాల దాటాక కండక్టర్ లేచి, "ముంగట కల్వర్టు బాంబు పెట్టి లేపిండ్రట. బోయినపల్లి దిక్కు మట్టిరోడ్డు మీదికెల్లి పోతం, గంట లేటైతది" అన్నాడు. టమాటా బుట్టలతో కూర్చున్న ముసలాయన తలపట్టుకున్నాడు. "నిన్న బంద్ అన్నరు, ఇయ్యాల కల్వర్టు. నా సరుకు సంతకు పోకముందే మెత్తగైతుంది" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ఆయన బాధగానే వినిపించింది.

వేములవాడలో ఇంకో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి పదకొండు నలభై. వీధి వీధంతా మరమగ్గాల చప్పుడు. ఖాదర్ భాయ్ బేకరీ అడిగితే ఎవరైనా చూపిస్తారు. లోపల రెండు పెద్ద మిషన్లున్నాయి, ఒకటే తిరుగుతోంది. ఆగిపోయిన దాని మీద చెయ్యి వేసి చూశాను. కొత్తదిలాగే ఉంది.

"గింత మంచిది ఎందుకమ్ముతున్నవ్ భాయ్?"

ఆయన మూలకున్న పాత చిన్న మిషన్ చూపించాడు. "మొదలు గా అర బస్తాదాన్తోని సురూ చేసిన. బన్ను ఖర్చు తగ్గింది. పెద్దది తెచ్చిన, ఇంక తగ్గింది. గప్పుడు పిచ్చి లేశింది. రెండో పెద్దది తెచ్చిన."

"ఇంకా తగ్గాలె గద మరి?"

"గన్ని బన్నులు సిరిసిల్ల తినదు గదమ్మా. బోయినపల్లికి, కొడిమ్యాలకు ఆటోలు పంపిన. డ్రైవర్లు, లెక్క చూసేటోడు, వాని మీద ఇంకొకడు. పొద్దు గూకితె ఆటో తిరగది. బంద్ అంటె సరుకంత బూజు పట్టుడే. సాలు తిరిగేసరికి ఒక్క బన్ను ఖర్చు చేత్తోని పిసికిన రోజులకంటె ఎక్కువైంది." తర్వాత నన్నే అడిగాడు. "ఈడ మగ్గాలోల్లు షిఫ్టు షిఫ్టుకు చాయ్‌ల బన్ను ముంచుతరు, ఒక్కటన్న నడుస్తుంది. మీ కాడ సైకిల్ మీద పోయి పొద్దు గూకకముందు తిరిగొచ్చేంత దూరంల ఎన్ని అమ్ముతవ్?"

నిలబడి హోటళ్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాను. ఎంత సాగదీసినా ఆరు వందలు దాటలేదు.

"అయితె గా చిన్నదే నీది" అన్నాడు ఖాదర్ భాయ్.

నా ముఖం మాడిపోయింది. మా ఆయన వైపు చూస్తే "నీ ఇష్టం" అన్నాడు, అంతే. భాయ్ భార్య నన్ను లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. ముడి విప్పి సగం డబ్బు తీశాను. మిగతా సగం మళ్లీ నడుముకే.

మధ్యాహ్నం రెండింటికి జగిత్యాల బస్సు. మోటారు విడదీసి, డ్రమ్మును గోనెసంచుల్లో కట్టి, నలుగురు కలిసి బస్సు పైకెక్కించారు. మీరు ఆ దారిన ఏదైనా ఇనుప సామాను తెస్తే మూట కట్టకండి, పైకి కనపడనివ్వండి. మాకు ఆ తెలివి లేకపోయింది.

బోయినపల్లి దాటాక, మూడున్నరకు పోలీసులు బస్సు ఆపారు. పైకెక్కిన కానిస్టేబుల్ "సార్, ఇనుప డ్రమ్ము!" అని అరిచాడు. బాంబనుకుని క్షణంలో బస్సంతా దిగి చేనులోకి ఉరికింది.

"ఎవరిది?" అన్నాడు ఎస్సై. మా ఆయన చెయ్యెత్తాడు. రెండు తుపాకులు ఆయన వైపు తిరిగాయి.

నడుముకున్న డబ్బు మరిచిపోయి ముందుకు ఉరికాను. "బన్నుల పిండి కలిపేది సార్!"

"బన్నులకు ఇంత మిషనా? ఎవరు తింటారు?"

"ఆరొందలు సార్. కోరుట్లల నాలుగొందలు, మెట్‌పల్లిల రెండొందలు. బస్టాండు హోటల్ల ఎనభై, దవాఖాన కాడ అరవై..." ఊపిరి తీసుకోకుండా చెబుతూనే ఉన్నాను. ఎస్సై చెయ్యి అడ్డం పెట్టి, మూట విప్పమన్నాడు.

మా ఆయన బస్సు పైకెక్కాడు. ముడి బిగుసుకుపోయి రావడం లేదు. చివరికి పళ్లతో లాగి విప్పాడు. డ్రమ్ము లోపలి రెక్కలకు ఎండిన పిండి అంటుకుని ఉంది. ఎస్సై కూడా ఎక్కి, గోరుతో గీకి, వాసన చూశాడు.

"కట్టెయ్, పో" అన్నాడు.

జనం ఒక్కొక్కరే వచ్చి ఎక్కారు. మా ముందు సీట్లో ఎవరూ కూర్చోలేదు. జగిత్యాలలో బస్సు మారాం. కోరుట్ల దారి పట్టాక మా ఆయన మెల్లగా అడిగాడు.

"పెద్దది తేలేదని బాధైతుందా?"

"అయితుంది" అన్నాను.

పెద్దగా చేస్తే ఖర్చు తగ్గుతుందన్నది నిజమే, ఆ ప్రయాణం దాన్ని అబద్ధం చేయలేదు. ఎంతవరకు తగ్గుతుందో ఆ రోడ్లు తేల్చాయి. ఇంకా వెలుతురుంది. కిటికీలోంచి దారి పక్క చాయ్ హోటళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ఇక్కడ ఇరవై పోతాయి, అక్కడ ముప్పై పోతాయి.

"మల్ల లెక్కవెడుతున్నవా?" అన్నాడు మా ఆయన.

"లేదు" అన్నాను, వేళ్లు ముడుచుకుంటూ.